కాంతయ్య హాజరు

మా బడి మండలి ఎప్పుడు సమావేశమైనా అందరికంటే ముందు పిలిచే పేరు, ఏనాడో కాటికి వెళ్ళిపోయిన మనిషిది.

పిలిచేది నేనే. నా పేరు యోగేశ్వరి. ఇదే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక మండలి కార్యదర్శి పనిని కోరి నెత్తికెత్తుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళంతా అంటారు. ఉంటుంది మరి. ముక్కున్నది దేనికి?

"కాంతయ్య!" అని పిలిచేదాన్ని. ఊరి జనం కూర్చోవడానికి వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో, కిటికీ పక్క కుర్చీలో వెంకమ్మ పెద్దమ్మ ఉంటుంది. ఆవిడ కాంతయ్య కూతురు. ఎనభై దాటాయి. చెయ్యెత్తి, "ఉన్నాడు" అనేది. నేను హాజరు వేసుకునేదాన్ని. ఆ తరవాతే బతికున్నవాళ్ళ వంతు.

కొత్తవాళ్ళు నవ్వు ఆపుకునేవాళ్ళు. ఒకసారి ఎవరో అధికారి చూడ్డానికి వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, ఆయన కోసం కాసేపు ఆగుదామా అని అడిగాడు పాపం. ఏం చెప్పాలో తెలియక టీ ఇచ్చాం.

ఈ ఆచారం ఎలా మొదలైందో చెబుతాను. ఇక్కడ మలేషియాలో, తెలుక్ ఇంటాన్ చుట్టుపక్కల తోటల్లో రబ్బరు పాలు గీసినవాళ్ళలో మా తెలుగువాళ్ళు చాలామంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. మా బడి మాత్రం తమిళ బడి. పక్క తోటలో ఉండే తెలుగు బడి నా చిన్నప్పుడే మూతపడితే, మేమూ ఇక్కడికే వచ్చి తమిళంలోనే చదువుకున్నాం. ఈ బడికి మొదటి పాక వేసినప్పుడు రాటలు మోసినవాళ్ళలో కాంతయ్య ఒకడు. తరవాత మండలి సభ్యుడయ్యాడు. ప్రతి సమావేశం చివర, "ఇతర విషయాలు" అనగానే లేచి నిలబడేవాడట. "మన బాసకి ఒక గది ఇయ్యండి" అనేవాడట. జవాబు వచ్చేదాకా కూర్చునేవాడు కాదు. వచ్చే సమావేశంలో చూద్దాం అనేవాళ్ళు. మళ్ళీ సమావేశంలో మళ్ళీ లేచేవాడు. ఎందుకయ్యా ఈ గోల అంటే, "అడగందే అమ్మైనా పెట్టదు" అనేవాడు. అడిగీ అడిగీ అలాగే పోయాడు.

ఆయన పోయాక జరిగిన మొదటి సమావేశంలో అప్పటి కార్యదర్శి అలవాటు కొద్దీ ఆయన పేరు చదివేశాడు. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడే వెంకమ్మ చావింటికి అరువు తెచ్చుకున్న బడి బెంచీలు తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రి పేరు వినబడగానే, "ఉన్నాడు" అంది. కాదని దిద్దడానికి ఎవరికి నోరొస్తుంది? హాజరు వేశారు. ఆ తరవాతి సమావేశానికీ ఆవిడ వచ్చింది. అధ్యక్షులు మారారు, కార్యదర్శులు మారారు, ఆ పేరు మారలేదు.

ఆయన అడిగిన గది మాత్రం ఆయన పోయిన చాన్నాళ్ళకి వచ్చింది. తోటల్లో జనం తగ్గి, పిల్లలు తగ్గి, చివరి గది ఖాళీ పడితే తెలుగుకి ఇచ్చాం. శనివారం పొద్దున క్లాసు. చెప్పేది సుమతి. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసి, శనివారం ఇక్కడ నిలబడుతుంది. పిల్లలకి తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే తమిళమో మలయ్యో వస్తుంది. వెంకమ్మ మునిమనవరాలు నంతిని అంతే. ముసలావిడ ఏదంటే దానికి తలూపేది, పకపకా నవ్వేది, పారిపోయేది. క్లాసుకి రావడం మొదలుపెట్టాక ఒకరోజు, "మామ్మా, నువ్వు చిన్నప్పుడు ఏటి ఆడుకున్నావు?" అని అడిగిందట. ఆ మాట వెంకమ్మ ఊరందరికీ చెప్పింది. నాకైతే నాలుగుసార్లు చెప్పింది. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పింది.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దుటి నుంచీ వాన. మా మండలిలో ఏడుగురం. నిబంధన ప్రకారం ఐదుగురైనా కూర్చుంటేనే తీర్మానం చెల్లుతుంది. ఇద్దరు ఇపో పట్నంలో పెళ్ళికి పోయారు. అప్పలసామికి హుటాన్ మెలింటాంగ్‌లో చేపల వ్యాపారం. రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి, బస్సు రాలేదు అని ఫోన్ చేశాడు. మిగిలింది నలుగురం. అధ్యక్షుడు దేవరాజన్, కోశాధికారి చిన్నప్పన్, తల్లిదండ్రుల తరఫున కిశోర్‌కుమార్, నేను.

ఈ దేవరాజన్ గురించి చెప్పాలి. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళూ తెలుగువాళ్ళే గానీ, వాళ్ళ తాత తోటలో గుమస్తా. మా తాతలు ఆ గుమస్తా ముందు నిలబడి పేరు చెప్పుకున్నవాళ్ళు. ఆ తేడా ఇప్పుడెవరూ పైకి అనరు గానీ, సమావేశానికి కుర్చీలు ఎవరు మోస్తారో చూస్తే తెలిసిపోతుంది. అయినా మనిషి చెడ్డవాడని అనను. బడి కోసం తిరుగుతాడు. ఇపోలో ఒక ట్రస్టు చుట్టూ తిరిగి తిరిగి, బడికి కంప్యూటర్ గది ఇప్పించే దాకా తెచ్చాడు. వాళ్ళ షరతు ఒకటే. గది పూర్తిగా దానికే ఇవ్వాలి. బల్లలు నేలకి బిగిస్తారు, ఏసీ పెడతారు, సెలవుల్లో తాళం వేస్తారు, ఇంకో పనికి వాడకూడదు. బడిలో అలా ఇవ్వగలిగిన గది చివరి గది ఒక్కటే. మర్నాటికల్లా జవాబు చెప్పాలట.

"ఆఫీసు పక్కన సామాను గది ఉందిగా?" అని ముందే అడిగాను.

"అందులో కప్పు కారుతుంది టీచర్. దాన్ని చూపిస్తే వాళ్ళు నవ్వుతారు" అన్నాడు.

హాజరు మొదలుపెట్టాను. "కాంతయ్య!"

"ఉన్నాడు" అంది వెంకమ్మ. తడిసిన చీర కొంగు పిండుకుంటూ వచ్చి కూర్చుంది అప్పుడే. ఆ వానలో కూడా ఆవిడ మానలేదు.

మిగతా పేర్లు పిలిచి, నలుగురమే ఉన్నాం, కోరం లేదు, ఇంకో రోజు పెట్టుకుందాం అన్నాను. మా సమావేశం నడిచేది తమిళంలో, మినిట్స్ రాసేది మలయ్‌లో, పోట్లాడుకునేది మాత్రం తెలుగులో. చిన్నప్పన్ తమిళుడే అయినా మా పోట్లాటలు వినీ వినీ నేర్చుకున్నాడు.

దేవరాజన్ తమిళంలో గబగబా, "కాంతయ్యగారు ఉన్నారుగా. ఐదుగురం. మొదలుపెడదాం" అన్నాడు.

నా పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. బతికున్నవాళ్ళే సరిపోయేవాళ్ళు. ఆయన పేరు గౌరవానికి పిలిచే పేరు, అంతే. చనిపోయినవాణ్ణి కోరంలో ఎలా కలుపుతారని నోటి చివరిదాకా వచ్చింది. తలెత్తి చూస్తే ఎదురుగా వెంకమ్మ. ఇప్పుడే "ఉన్నాడు" అని చెప్పి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. ఆవిడ మొహం మీద మీ నాన్న చచ్చిపోయాడు అని నేనెలా అనను? ముక్కు మీద కోపం ముక్కు మీదే ఉండిపోయింది. నోరు మూసుకున్నాను. దేవరాజన్‌కి ఇది ముందే తెలుసా, ఆ నిమిషంలో తోచిందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

మామూలు పనులు గడిచాయి. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ పెట్టించాలి, సరే. ఆటల పోటీలకి గుడారాలు గుడి వాళ్ళని అడగాలి, సరే. క్యాంటీన్‌లో రోజూ ఆ కొబ్బరిపాల అన్నం, నాసి లెమాకేనా, వారానికి ఒకరోజైనా ఇడ్లీ పెట్టరా అని ఒక తల్లి అడిగితే, దాని మీద పావుగంట వాదించుకున్నాం. తరవాత చివరి గది వచ్చింది.

దేవరాజన్ బాగానే చెప్పాడు. మన పిల్లలు టౌన్ పిల్లలకి తీసిపోకూడదు, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు, తెలుగు క్లాసుని ఎవరూ తీసెయ్యడం లేదు, క్యాంటీన్ రేకుల కింద పెట్టుకోవచ్చు అన్నాడు.

జనం కుర్చీల్లోంచి సుమతి లేచింది. "సార్, అక్కడ ఒకసారి పెట్టి సూసినాం. ఒకపక్క సిలంబం కర్రసాము, ఇంకోపక్క బ్యాండు. పిల్లలకి నా మాటే ఇనపడలేదు. ఒక్కొక్కలే మానీసినారు. ఆఖరికి ఇద్దరు మిగిలినారు. ఆ గది పోతే క్లాసు పోతాది సార్."

"తెలుగు ఇంట్లో నేర్పుకోవచ్చు కదా అక్కా" అన్నాడు కిశోర్‌కుమార్. సుమతితో అనలేక నాతో అన్నాడు.

"నువ్వు నేర్పినావా?" అన్నాను.

వాడు కిందికి చూశాడు. "నాకే సరిగ్గా రాదు లా" అన్నాడు. మాట చివర ఈ 'లా' తగిలించడం ఇక్కడి గాలి, మా అందరికీ ఉంది.

చేతులెత్తమన్నాడు దేవరాజన్. చిన్నప్పన్ ఎత్తాడు. కిశోర్‌కుమార్ సగం ఎత్తాడు, తరవాత పూర్తిగా ఎత్తాడు. వద్దనేవాళ్ళు అంటే నేనొక్కదాన్నే ఎత్తాను. ఒళ్ళు మండిపోతోంది. ఓడిపోయినందుకు కాదు. ఎవరి పేరు చెప్పి గెలిచారో అందుకు.

"రాసుకోండి టీచర్" అన్నాడు.

"మా అయ్య సెయ్యి ఎవులెత్తుతారు?"

వెంకమ్మ. ఊత పట్టుకోకుండానే లేచి నిలబడింది. అన్నేళ్ళలో సమావేశంలో ఆవిడ "ఉన్నాడు" అని తప్ప ఇంకో మాట మాట్లాడగా ఎవరూ వినలేదు.

దేవరాజన్ తడబడ్డాడు. "పెద్దమ్మా, ఆయనకి ఓటు లేదు. ఆ పేరు మర్యాద కోసం పిలుస్తున్నాం."

"నెక్కలో కలిపినావు కద బాబూ? ఐదుగురం అన్నావు. నాకు అరవం రాదేటి?"

"అది కోరం కోసం."

"అంటే ఏటి?"

ఇక ఆగలేకపోయాను. "ఐదుగురు కూర్చుంటేనే మాట చెల్లుతుంది పెద్దమ్మా. మేం నలుగురమే ఉన్నాం. ఐదో మనిషి మీ అయ్య."

ఆవిడ నా ముందున్న హాజరు పుస్తకం వైపు చూసింది. రేకుల మీద వాన చప్పుడు ఒకటే. తరవాత చాలా మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా అడిగింది. "అంటే మా అయ్యని కూకోబెట్టి, మా అయ్య అడిగిన గదే తీసేత్తన్నారా?"

"అలా కాదు పెద్దమ్మా, పిల్లల మంచికే..." అన్నాడు దేవరాజన్. అతని మొహం చూస్తే నాకే జాలేసింది.

"నానేటీ తప్పనను బాబూ. నీ కంప్యూటర్లు మంచియే. గానీ ఒకటి సెప్పు. మా అయ్యని నువ్వెరుగుదువా? నువ్వెరగవు. మీ తాతెరుగును. మా అయ్య ఏనాడైనా ఈ గదిలో నోరు మూసుకుని కూకున్నాడా? గది గురించి మాట వస్తే లేచి నిలబడీవోడు. మీ తాత కూకోరా అన్నా కూకునీవోడు కాడు." ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. "మాటాడకండా ఉన్నాడంటే, మా అయ్య లేడు."



నా వైపు తిరిగింది. "రాసుకో అమ్మా. కాంతయ్య లేడు."

చేసే పని చెయ్యాలి కాబట్టి చేశాను. ఆ పేరు మీద గీత కొట్టాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నలుగురమే హాజరు, కోరం లేదు, సమావేశం చెల్లదు అని పైకి చదివాను. చివరి గదితోపాటు మరుగుదొడ్డి గడియా రద్దయింది, ఇడ్లీలూ రద్దయ్యాయి.

జనం వెళ్ళిపోయారు. దేవరాజన్ కుర్చీలోనే ఉండిపోయాడు. "ఎంత తిరిగానో మీకు తెలీదు టీచర్" అన్నాడు.

"తెలుసు. అప్పలసామి వచ్చే దాకా ఆగమని ట్రస్టు వాళ్ళని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు" అన్నాను. ఎవరి మాటో నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది.

వెంకమ్మని నా కారులో ఇంటికి దింపాను. ఇంటి ముందు ఆగాక, "మా అమ్మ పోయినప్పుడు నాను ఏడ్సినాను. అయ్య పోయినప్పుడు ఏడవనేదు. ఉన్నాడు ఉన్నాడు అనుకుంటా ఉండిపోయినాను" అంది. తలుపు తీసుకుని దిగింది. నంతిని గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. "మామ్మా, తడిసిపోయినావా?" అని తెలుగులో అడగడం నాకు కారులోకి వినబడింది.

తరవాతి సమావేశం ఎండలో జరిగింది. ట్రస్టు వాళ్ళు ఒక నెల గడువిచ్చారు. ఏడుగురం వచ్చాం. హాజరు పుస్తకం తెరిచి, అలవాటుగా నోరు తెరిచి, మూసుకుని, "అప్పలసామి" అని మొదలుపెట్టాను. అప్పలసామి "ఉన్నాను" అనడానికి భయపడ్డట్టే అన్నాడు. కిటికీ పక్క కుర్చీలో వెంకమ్మ ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

చివరి గది మీద మళ్ళీ చేతులెత్తాం. అప్పలసామి, పెళ్ళికి పోయిన ఇద్దరూ, నేనూ వద్దన్నాం. మాతోపాటు ఇంకో చెయ్యి లేచింది. కిశోర్‌కుమార్. నేను వాడి వైపు చూశాను.

"ఆ రోజు ఇంటికెళ్ళి మావాడిని, తిన్నావా నాన్నా అని అడిగాను అక్కా" అన్నాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు అని తమిళంలో అడిగాడు."

గది తెలుగుకే ఉండిపోయింది. సామాను గది కప్పు బాగుచేయించి ట్రస్టు వాళ్ళకి చూపించాలని తీర్మానించాం. ప్రతిపాదించింది దేవరాజన్. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలియదు.

"ఇతర విషయాలు" అన్నాను.

దేవరాజన్ లేచాడు. అధ్యక్షుడు లేచి మాట్లాడటం మా దగ్గర లేదు. "కాంతయ్యగారి పేరు హాజరులో మళ్ళీ పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. గౌరవానికి మాత్రమే. ఇంకెప్పుడూ లెక్కలోకి తీసుకోకూడదు" అన్నాడు. తెలుగులో అన్నాడు. సమావేశంలో అతను పోట్లాటకి కాకుండా తెలుగు మాట్లాడటం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. అందరికంటే ముందు చిన్నప్పన్ చెయ్యెత్తాడు. తరవాత అందరం ఎత్తాం. జనం కుర్చీల్లో ఉన్నవాళ్ళూ ఎత్తారు. నేను పెన్ను తీశాను.

"వద్దు" అంది వెంకమ్మ.

ఆవిడ లేచి నిలబడి ఉంది. "సాగనంపినోడిని ఎనక్కి పిలవకూడదు బాబూ. ఎల్లనియ్యండి. ఎన్నాళ్ళు కూకోబెడతారు?"

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. దేవరాజన్ తలూపాడు. "సరే పెద్దమ్మా. కూర్చోండి."

"ఇంకోటుంది" అంది. "ఆ సివరి గదిలో ఫ్యాను తిరగతలేదు. పిల్లలు ఉడికిపోతన్నారు. నంతిని సెప్పింది. రాసుకో అమ్మా."

రాసుకున్నాను.

"వచ్చే సమావేశంలో చూద్దాం పెద్దమ్మా. కూర్చోండి లా" అన్నాడు దేవరాజన్.

ఆవిడ కూర్చోలేదు.